చిల్లు కాణి వెల యెంత?

ఆమడగూరు వంటి ఒక ఊరిలో, ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు ఇద్దరు బాలుర సంగతిని ఊహించుకొందము. ఒకడు సెలవు దినమున ఇంటి అటక మీది ట్రంకుపెట్టెను దింపి, అవ్వ దాచుకొన్న రేకు డబ్బాను వెలికి తీసినాడు. అందులో మూడు చిల్లు కాణులు, తామరపూవు గుర్తు గల ఇరువది పైసల బిళ్ళ యొకటి, అయిదవ జార్జి చక్రవర్తి తల గల వెండి రూపాయి యొకటి ఉన్నవి. మరునాడు వానిని బడికి తెచ్చి నేస్తునకు చూపినాడు. ఆ రెండవ బాలునికి నాణెములు సేకరించు అలవాటు కలదు. వాడు రూపాయిని చేత తీసికొని, అటునిటు త్రిప్పి చూచి, "ఇది యాడా చెల్లదురా. నా తావ కొత్త పది రూపాయల బిళ్ళలు రెండుండాయి. మార్చుకుందామా?" అని అడిగినాడు. మొదటివాడు సంతోషముతో ఒప్పుకొన్నాడు. చెల్లని రూపాయికి చెల్లెడి ఇరువది రూపాయలు వచ్చినవి గదా! ఇద్దరును తాము లాభపడితిమని యెంచి ఇండ్లకు పోయిరి.

ఈ మారకమున బలవంతము లేదు. అబద్ధమును లేదు, ఆ రూపాయి అంగడిలో చెల్లదన్న మాట నిజమే. అయినను ఎక్కడనో ఒక ముల్లు మన మనస్సున గుచ్చుకొనుచున్నది. అది యేమి?

రెండవ బాలునికి తెలిసినది, మొదటివానికి తెలియనిది ఒకటి కలదు. ఆ నాటి వెండి రూపాయి తూకము 180 గురిగింజల యెత్తు కాదు, 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. మన పెద్దలు తులము అని వ్యవహరించిన తూకము ఈ రూపాయి తూకమే. అందులో పండ్రెండింట పదునొకండు పాళ్ళు మేలిమి వెండి. సేకర్తలు ఇచ్చు వెల మాట అటుంచి, కరిగించి అమ్మినను ఆ వెండికి ఇరువది రూపాయలకు ఎన్నో రెట్లు వచ్చును. రెండవవాడు పలికిన మాటలలో అసత్యము లేదు. పలుకని మాటలో ఉన్నది ఆ ముల్లు.

సేకర్తల లోకమున తగవులన్నింటికి మూలము ఒక్కటే: వస్తువులు కొన్ని, కోరువారు పెక్కండ్రు. తపాలా బిళ్ళలు గాని, నాణెములు గాని, అగ్గిపెట్టెల బొమ్మలు గాని, విదేశములలో కొందరు కూడబెట్టు జూదగృహపు బిళ్ళలు గాని, ఎల్లరకు ఎల్లవేళల దొరకునవైనచో వానిని దాచుకొనువారే ఉండరు. కొరతయే ఈ వేడుకకు ప్రాణము. కాని కొరతలన్నియు ఒక్క జాతివి కావు. కాలము చేసిన కొరత ఒకటి. మనుష్యులు కావలెనని చేసిన కొరత మరియొకటి. లేని కొరతను ఉన్నదని నమ్మించుట ఇంకొకటి. వీనిని వేరుచేసి చూచినగాని న్యాయము ఎక్కడ తప్పినదో తెలియరాదు.

కరిగిపోయిన వరహాలు

ఆమడగూరు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రము; 2022 వరకు అనంతపురము జిల్లాలోనిది. ఈ సీమకు నాణెముల కథ క్రొత్తది కాదు. 1565లో తళ్ళికోట యుద్ధమున ఓడిన పిమ్మట విజయనగర ప్రభువులు తమ రాజధానిని పెనుకొండకు మార్చుకొనిరి. వారి బంగారు వరహా తూకము సుమారు 3.4 గ్రాములు. 1443లో విజయనగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి నాణెములను లెక్కపెట్టి వ్రాసినాడు: వరహాలో సగము ప్రతాపము; ప్రతాపములో పదవ వంతు పణము; పణములో ఆరవ వంతు వెండి తారము; తారములో మూడవ వంతు రాగి జీతలు. కృష్ణదేవరాయల వరహాపై బాలకృష్ణుడు, అచ్యుతదేవరాయల వరహాపై గండభేరుండ పక్షి, వేంకటపతిరాయల నాణెముపై తోరణము క్రింద నిలిచిన వేంకటేశ్వరస్వామి మనకు కానవత్తురు.

ఆ వరహాలన్నియు ఏమైనవి? 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. 1818లో మద్రాసు రాజధానిలో వరహాకు బదులు రూపాయి ప్రమాణ నాణెమైనది. చెలామణి తప్పిన బంగారము ఊరక ఉండదు. కొన్ని వరహాలు కంసాలి మూసలో కరిగినవి. కొన్ని చెవి అతికించుకొని కాసులపేరులో చేరినవి. ఇక 1876-78 సంవత్సరములలో ఈ సీమను పీడించిన ధాత కరువును తలచుకొనుడు. ఇంటనున్న బంగారమును తిండిగింజలకు మార్చుకొన్నవానికి, ఆ నాణెముపై గండభేరుండమున్నదో బాలకృష్ణుడున్నాడో పరికించు తీరిక ఉండునా? నేడు ప్రదర్శనశాలలో గాజు పలక వెనుక మెరయు ఒక్కొక్క వరహాకును, ఆకలికో ఆభరణమునకో కరిగిపోయిన వరహాలు ఎన్నియో ఉండును.

జూదగృహపు బిళ్ళల గతియు ఇట్టిదే. ఆ గృహములలో రొక్కమునకు మారుగా రంగురంగుల బిళ్ళలతో ఆడుదురు. ఆట ముగిసిన పిమ్మట బిళ్ళలను ఇచ్చి రొక్కము తీసికొందురు. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఒక జూదగృహము మూతపడినచో, దాని బిళ్ళలకు సొమ్ము చెల్లించి, వానిని నాశనము చేయవలెనన్న కట్టుబాటు కలదు. ఎవరి చొక్కాజేబులోనో మరచిపోయిన నాలుగు బిళ్ళలు మాత్రము మిగులును. ఆటకు అక్కరకు రాని ఆ బిళ్ళల కొరకు సేకర్తలు పోటీపడుదురు. ఇట్టి కొరతలో ఎవరి దోషమును లేదు. కాలము జల్లెడ పట్టినది; మిగిలినవి మిగిలినవి.

పాతదెల్ల అరుదు కాదు

నాణెము పాతదైనకొలది వెల హెచ్చునని మనలో పెక్కుమంది నమ్మిక. ఇది సరికాదు. పెద్దపల్లి దాపున పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల కాలపు నాణెములు ఇరువది వేలకు పైగా బయల్పడినవి. అవి రమారమి రెండువేల యేండ్ల నాటివి. ఇటు 1939 సంవత్సరము ముద్రింపబడిన ఆరవ జార్జి వెండి రూపాయి నూరేండ్లయినను నిండనిది. అయినను సేకర్తలకు అది మిక్కిలి అరుదు. దానికి ముందటి యేటి రూపాయి దొరకును. ఆ ఒక్క యేటిది దొరకదు. కావుననే 1939 రూపాయికి నకిలీలు పుట్టినవి. ఒక్క అంకె కొరకు ఇంత మోసము!

ఇక మన చిల్లు కాణి సంగతి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాగికి కరువు వచ్చినది. మునుపటి కాణి తూకము అయిదు గ్రాములకు కొంచెము తక్కువ. 1943లో నడుమ చిల్లు పెట్టి తీసిన కాణి తూకము రెండు గ్రాములు. 1947 వరకు ఈ కాణులు కోట్ల సంఖ్యలో వెలువడినవి. అనగా లోహపు కొరత వలన పుట్టిన ఈ కాణికి తనకు మాత్రము కొరత లేదు. అట్లే 1968 నుండి 1971 వరకు వెలువడిన తామరపూవు ఇరువది పైసలును. 2011 జూన్ 30తో పావలాయు, దానికి లోబడిన చిన్న నాణెములును చెలామణి నుండి తొలగినవి గనుక నేటి పిల్లలకు అవి వింతగా తోచవచ్చును. వింత వేరు, అరుదు వేరు.

ఈ భేదము తెలియని అమాయకుల కొరకే కొందరు వల పన్నుచున్నారు. "మీ యింట తామరపూవు బిళ్ళ ఉన్నదా? లక్షలు వచ్చును, ముందు రుసుము పంపుడు" అని ఫోనులో నమ్మబలుకుదురు. తమ పేరును, గుర్తును వాడుకొని పాత నోట్లకు, నాణెములకు రుసుములు, పన్నులు అడుగువారిని నమ్మవలదని 2021 ఆగస్టు 4న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించవలసి వచ్చినది. లేని కొరతను ఉన్నదని చెప్పి పేదవాని చేతి దుడ్డును లాగికొనుట సేకరణ కాదు, దోపిడి. దీనికి విరుగుడు ఒక్కటే: మనకు అమ్మజూపువాడు ఎన్నడును ముందుగా మన సొమ్ము అడుగునే గాని, మనవద్ద కొనగోరువాడు మనలనే రుసుము అడుగునా అని నిలిచి ప్రశ్నించుకొనుట.

తలుపు మూసిన కొరత

కావలెనని చేసిన కొరతకు మన దేశముననే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యము వచ్చిన తొలి సాంవత్సరికమున, గాంధీజీ బొమ్మతో నాలుగు తపాలా బిళ్ళలు వెలువడినవి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పండ్రెండు అణాలు, పది రూపాయలు. వీనిని స్విట్జర్లాండులో అచ్చు వేయించిరి. ఆ బిళ్ళలలోనే ఒక్కొక్క రకమునకు నూరు చొప్పున తీసి, గవర్నరు జనరలు కార్యాలయపు వాడుకకై వానిపై 'సర్వీసు' అను మాటను అచ్చొత్తించిరి. సామాన్యుడు తపాలా కచ్చేరీ కిటికీ వద్ద ఎన్ని గంటలు నిలిచినను ఆ నూటిలో ఒకటి కొనజాలడు. 2017లో అట్టి పది రూపాయల బిళ్ళలు నాలుగు కలిసియున్న వరుస అయిదు లక్షల పౌనులకు అమ్ముడుపోయినది. నిరాడంబరతకు మారుపేరైన మహాత్ముని బొమ్మ, కొలదిమంది చేతికి మాత్రమే అందిన బిళ్ళపై నుండుట ఎంత విచిత్రము!

దీని ప్రక్కన మొన్నటి ముచ్చట నొకటి నిలిపి చూతము. నందమూరి తారక రామారావు గారి శతజయంతి సందర్భమున 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు నూరు రూపాయల స్మారక నాణెమును విడుదల చేసిరి. తూకము 35 గ్రాములు, అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు, అందులో సగము వెండి. అది అంగడిలో చెలామణికి కాదు, దాచుకొనుటకు. ముఖమున నూరు రూపాయలని ఉన్నను టంకశాల కట్టిన వెల నాలుగు వేలకు పైమాటయే. హైదరాబాదు టంకశాల అమ్మకము మొదలిడగానే జనులు బారులు తీరిరి.

ఇక్కడను కొరత కలదు. కాని తలుపు మూసియుండలేదు. వెల యెంతయో ముందే తెలిపిరి. వరుసలో నిలిచినవానికి దొరకినది. అయినను న్యాయము సంపూర్ణమైనదా? పేరులోనే ఆమడ గల మన ఊరి నుండి హైదరాబాదు ఎన్ని ఆమడలో లెక్కింపుడు. వేరుసెనగ చేనిలో కూలికి పోవు తల్లి కుమారునకు ఆ నాలుగు వేలు ఎక్కడివి? దూరము, బీదరికము అను రెండు తలుపులు అప్పుడును మూసియే ఉన్నవి. వీనిని టంకశాల ఒక్కటియే తెరువజాలదు. కాని ఒకడే పది కొని, వెనుక చిక్కినవానికి రెట్టింపు వెలకు అమ్మకుండ, మనిషికి ఒక్కటి చొప్పున అన్న నియమమును ఎవరైనను పెట్టవచ్చును. చవుక ధరల దుకాణమున కార్డునకు ఇంతయని కొలిచి యిచ్చుట మన మెరిగినదే. కొరతను తొలగింపజాలనపుడు దానిని సమముగ పంచుట న్యాయము.

తెలిసినవాని ధర్మము

ఇప్పుడు మన బాలుర యొద్దకు మరలుదము. రెండవవాని పక్షమున వాదించువారు లేకపోలేదు. వారి వాదము తీసివేయదగినది కాదు. "ఆ బాలుడు పుస్తకములు తిరుగవేసి, కన్నులు చెడగొట్టుకొని, ఏ నాణెము ఎట్టిదో నేర్చుకొన్నాడు. ఆ శ్రమకు ఫలము వలదా? రత్నముల వర్తకుడు తన నేర్పుతోనే బ్రదుకును. తెలియనివానికి ప్రతి దానిని తెలిపి కొనవలెనన్నచో నేర్చుకొనువాడెవ్వడు?" అని వారందురు.

నిజమే, నేర్పునకు వెల కలదు. ఇద్దరు వర్తకులు ఎదురెదురుగ కూర్చుండి బేరమాడునపుడు, ఎవని నేర్పు వానిది. కాని ఆ బేరమున ఇద్దరకును అది బేరమని తెలియును, జాగరూకతతో ఉందురు. నేస్తము చేతిలో రూపాయి పెట్టి చూపిన బాలుడు బేరమునకు రాలేదు, చూపుటకు వచ్చినాడు. వాని నమ్మకమే రెండవవానికి మూలధనమైనది. నమ్మకమును పెట్టుబడిగ పెట్టి తీసిన లాభము నేర్పునకు ఫలము కాదు. తూకము తెలియనివానికి తక్కువ తూచి యిచ్చిన అంగడివానిని మనము నేర్పరియనము గదా!

మరి నేర్పునకు న్యాయమైన ఫలమేది? "ఇది మేలిమి వెండి. నీవు మీ అవ్వ నడుగు. ఇచ్చుటకు ఆమె ఒప్పుకొన్నచో నాకే యిమ్ము, తగిన వెల కూడబెట్టి యిత్తును" అని చెప్పుట. ఇట్లు చెప్పినవానికి ఆ రూపాయి దొరకకపోవచ్చును. కాని ఊరిలో ఎవరి యింట పాత నాణెము కనబడినను ముందు వానికే చూపుదురు. పది యేండ్లు గడచిన పిమ్మట ఎవని సేకరణ పెద్దదగునో ఊహింపవచ్చును. ఒకవేళ కాకపోయినను, తెలిసిన సంగతిని దాచి కొనరాదన్న నియమము లాభమును బట్టి మారునది కాదు.

ఇదే న్యాయము ఇంకొక మెట్టు పైకి పోవును. చేను దున్నుచుండగా నాగటి చాలున నాణెముల కుండ దొరకినచో అది ఎవరిది? 1878 నాటి భారత నిధుల చట్టము దీనికి సమాధానము చెప్పినది. పది రూపాయల విలువ మించిన నిధి దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెను. సొంతదారు ఎవరును తేలక, ప్రభుత్వము తీసికొననిచో, వేరు ఒప్పందము లేనపుడు కనుగొన్నవానికి మూడు పాళ్ళు, నేల గలవానికి ఒక పాలు. ప్రభుత్వమే ఉంచుకొనదలచినచో లోహపు వెలకు అయిదవ వంతు కలిపి చెల్లించవలెను. దాచినవాడు తన పాలును కోలుపోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. నూరేండ్లు దాటిన నాణెములు పురావస్తువులు. 1972 నాటి చట్టము ప్రకారము సొంతముగ ఎవరును వానిని దేశము దాటింపరాదు. పాళ్ళు సరిపోయినవా యని వాదింపవచ్చును గాని, చట్టపు తలంపును గమనింపుడు: కనుగొన్నవాడు, నేలవాడు, ప్రజలు, ముగ్గురకును అందులో చోటు కలదు.

పాఠశాలలో ఒక పెట్టె

ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఈ వేడుకను మంచి చదువుగ మార్చవచ్చును. తరగతిలో ఒక పెట్టె, ఒక పుస్తకము చాలును. పిల్లలు తెచ్చిన నాణెమును చూచి, తూచి, కొలిచి, ఎవరింటిది, ఎట్లు వచ్చినదో పుస్తకమున వ్రాసి, నాణెమును మరల ఇంటికి పంపివేయవచ్చును. వస్తువు ఇంట నుండును, విద్య బడిలో నుండును. చింతపండుతో తోమి మెరయించవలదని ముందే చెప్పవలెను. తోమిన నాణెమునకు పైపొర పోయి వెల తరుగును. రొక్కము లేని బాలునకును ఒక ఆట కలదు: చేతికి వచ్చిన చిల్లరలో సంవత్సరము క్రింద గుర్తును వెదకుట. నక్షత్రమున్నచో హైదరాబాదు టంకశాలది, వజ్రాకారమున్నచో ముంబయిది, చుక్క యున్నచో నోయిడాది, ఏ గుర్తును లేనిచో కలకత్తాది. నాలుగు ఊళ్ళ నాణెములు సేకరించుటకు రూపాయి మించి ఖర్చు చేయనక్కరలేదు. చూచిన పిమ్మట ఆ రూపాయిని మరల అంగడిలో ఇచ్చివేయవచ్చును.

మారకము చేసికొనువారికి ఒక్క నియమము చాలును: నీకు తెలిసినది ముందు చెప్పుము, పిమ్మట అడుగుము. ఇంటి వస్తువైనచో పెద్దల అనుమతి లేక మారకము లేదు.

ఆ రెండవ బాలుడు రాత్రి నిదురపట్టక, మరునాడు నేస్తుని వెంటబెట్టుకొని అవ్వ యొద్దకు పోయినాడనుకొందము. ఆమె రూపాయిని అరచేత నుంచుకొని, అది ఎవరి చదివింపులలో వచ్చినదో, ఏ పంట అమ్మిన నాటిదో చెప్పును. ఆ మాట ఏ వెలల పట్టికలోను ఉండదు. ఆమెతోనే అది అంతరించును గనుక అంతకన్న అరుదైనదియు లేదు. పిమ్మట ఆమె చిల్లు కాణి నొకటి తీసి చూపును. అంగడిలో దాని వెల స్వల్పము. కాని ఆ రోజులలో దానికి దారము గ్రుచ్చి పసిబిడ్డల మొలత్రాటికి కట్టెడివారు. ఆ కాణి ఆమె మొలత్రాటనే ఆడినదైనచో, దాని వెల యెంతయో ఆ ఇద్దరు బాలురును ఆమెనే అడుగవలెను.